ఎండిన వాగు మీద వంతెన

సామ్రాజ్యమ్మ బల్ల ముట్టడం మానేసిందన్న సంగతి ఊళ్ళో అందరికీ తెలిశాక గానీ ఆమె కొడుక్కి తెలియలేదు. పుల్లలచెరువు అవతల ఉన్న ఆ పల్లె చర్చిలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఇస్తారు. రొట్టె ముక్కల పళ్ళెం ఆడవాళ్ళ వైపు వచ్చినప్పుడు అందరికంటే ముందు చాచే చెయ్యి ఆమెది. అలాంటిది ఒక నెల తల వంచుకుని పళ్ళేన్ని పక్కావిడకు అందించేసింది. మరుసటి నెలా అంతే. మగవాళ్ళ వైపు కూర్చునే ఆమె కొడుకు రాజ్ కుమార్‌కి అది కనపడలేదు. చివరికి పాస్టరు కరుణాకరం అయ్యగారు ఇంటికే వచ్చి అడిగారు.

"నా కొడుకూ అల్లుడూ ఒకరి మొగం ఒకరు చూసుకోకుండా ఉండారయ్యగారూ," అంది సామ్రాజ్యమ్మ మంచం మీద నుంచి లేవలేక. "ఇంట్లో తగువు పెట్టుకోని నేను ఏ మొగంతో చెయ్యి చాపేది?"

ఆ సంఘంలో ఇది పాత కట్టుబాటు. ఎవరితోనైనా మాటలు లేనివాళ్ళు ముందు పోయి సమాధానపడాలి, ఆ తర్వాతే బల్ల. కట్టుబాటు ఉన్నచోట సందు కూడా ఉంటుంది కదా. శనివారం సాయంత్రం చేతులు కలిపి, ఆదివారం రొట్టె తిని, సోమవారం పొద్దున మళ్ళీ గట్టు దగ్గర కర్రలెత్తే ఘనులు ఆ ఊళ్ళో లేకపోలేదు. సామ్రాజ్యమ్మకు ఆ విద్య రాదు. పైగా తగువు తనది కూడా కాదు. అయినా ఇల్లు తనది, కాబట్టి తగువూ తనదే అనుకుంది.

ఆమెకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. అక్కడి ఫ్లోరైడు నీళ్ళు తాగి బతికిన పల్లెల్లో అది ఆమె ఒక్కదానికే వచ్చిన జబ్బు కాదు. మార్కాపురం ఆస్పత్రికి పోయి రక్తం శుద్ధి చేయించుకుని వచ్చేది, వచ్చిన ప్రతిసారీ ఇంకొంచెం చిన్నదై వచ్చేది. రోజులు దగ్గరపడ్డాయని ఆమెకు తెలుసు. చావంటే భయం లేదు. బల్ల తీసుకోకుండా పోతానేమోనన్నదే భయం. చెప్పకుండా ఊరు విడిచిపోయినట్టు ఉంటుందట అది.

"పోయి మీ బావను క్షమాపణ అడగరాదా రాజూ?" అన్నారు అయ్యగారు వాకిట్లోకి వచ్చి.

"ఏమని అడగమంటారయ్యగారూ? అబద్ధం చెప్పినానని అడగాల్నా? నేను చెప్పలేదే. చెయ్యని తప్పు ఒప్పుకుంటే అప్పుడు గదా నిజంగా అబద్ధమాడినట్లు? ఆ నోటితో బల్ల ఎట్ల తీసుకునేది?"

రాజ్ కుమార్ మొండివాడే గాని అబద్ధమాడేవాడు కాదని అయ్యగారికీ తెలుసు. ఇచ్చిన మజ్జిగ తాగి, మంచం దగ్గర ప్రార్థన చేసి వెళ్ళిపోయారు.

ఇంతకీ తగువు దేని గురించో చెబితే మీరు నవ్వుతారు. పొలం గురించి కాదు, ఇంటి వాటా గురించి కాదు. కంప్యూటర్లో ఆడే ఒక యుద్ధం గురించి. నవ్వండి, తప్పులేదు. సామ్రాజ్యమ్మ కూతురు స్టెల్లా కూడా మొదట్లో నవ్వింది. తమ్ముడికీ మొగుడు ఆనంద్ బాబుకీ మధ్య నలిగిపోవడం మొదలయ్యాక మానుకుంది.

రాజ్ కుమార్ మార్కాపురంలో ఒక పలకరాళ్ళ ఫ్యాక్టరీలో బిల్లులు కొడతాడు. ఫ్యాక్టరీ వాళ్ళు కంప్యూటర్లు మార్చినప్పుడు పాతది ఒకటి ఇంటికి తెచ్చుకున్నాడు. ఎన్నిసార్లు దులిపినా దాని పొట్టలోంచి నల్లరాయి దుమ్ము వస్తూనే ఉంటుంది. ఆనంద్ బాబు పటాలంలో హవల్దారుగా చేసినవాడు. మోకాలు దెబ్బ తిని ఇంటికొచ్చి, ఇప్పుడు గిద్దలూరులో ఒక బ్యాంకు గుమ్మం దగ్గర తుపాకీ పట్టుకుని నిలబడతాడు. మాటలు తక్కువ మనిషి. పెళ్ళైన కొత్తలో బావా బామ్మర్దుల మధ్య మాట్లాడుకోవడానికి ఏమీ ఉండేది కాదు. ఆ ఆట వచ్చాకే ఇద్దరూ ఒకటయ్యారు.

అది తుపాకీ దొరికించుకుని తోచినట్టు కాల్చే ఆట కాదు. ఇప్పటి కాలపు సైన్యం, ట్యాంకులు, డ్రోన్లు అన్నీ ఉంటాయి. మైదానాన్ని పైనుంచి చూస్తూ, ఏ దళం ఎక్కడ నిలవాలో, ఎవరికి ఎవరు అండో, మందుగుండు బండి ఏ దారిన రావాలో ఆలోచించి నడిపించాలి. మనవాళ్ళ కంటికి ఆనినంత మేరే తెర మీద కనిపిస్తుంది, మిగతాదంతా చీకటి. ప్రతి దళానికీ ధైర్యం అని ఒక గీత ఉంటుంది. ముందు నుంచి కాల్పులు వస్తే ఆ గీత మెల్లగా తరుగుతుంది, పక్క నుంచి వస్తే ఒక్కసారిగా పడిపోతుంది. అడుగంటిందా, ఇక ఆ దళం మన మాట వినదు, తనంతట తానే వెనక్కి మళ్ళుతుంది.

ఈ విద్యలో రాజ్ కుమార్‌కి గురువు ఆనంద్ బాబే. "కొండ కొన మీద నిలబెట్టొద్దు రాజూ. నీకు అందరూ కనపడతారు, నిజమే. నువ్వు కూడా అందరికీ కనపడతావు. కొనకు ఇవతల పెట్టు," అనేవాడు. "ముందు చూడు, తర్వాత కదులు, ఆఖరికి కాల్చు." రాజ్ కుమార్‌కి తొందరెక్కువ, ట్యాంకులంటే ప్రాణం. ఆనంద్ బాబుకు కాలిబలం. ఒక చోట తన మనుషుల్ని పాతాడంటే ఇక కదిలించడు. ఎంత ముంచుకొచ్చినా వెనక్కి రమ్మనే బొత్తాము మీద ఆయన వేలు పడగా బామ్మర్ది ఎప్పుడూ చూడలేదు.

ఆటలో మైదానాలు సొంతంగా తయారు చేసుకునే వీలుంది. పరాయి దేశాల మంచుకొండల మీద ఎన్నాళ్ళు కొట్లాడతామని రాజ్ కుమార్ తన ఊరినే మైదానంగా మలిచాడు. ఇటు పల్లె, అటు నల్లమల అంచు, మధ్యలో పెద్దవాగు, వాగు మీద వంతెన, ఎగువన దాటడానికి చప్టా. కంది చేలు పెట్టాడు, చర్చి గోపురం పెట్టాడు. దాన్ని పెన్ డ్రైవ్‌లో వేసి గిద్దలూరు తీసుకుపోతే ఆనంద్ బాబు చాలాసేపు చూశాడు. "మా అత్త ఇల్లు కూడా పెట్టినావే," అని మొదటిసారి పెద్దగా నవ్వాడు.

ఇక ఆ శనివారం సంగతి. శత్రువును కంప్యూటరు ఆడిస్తుంది, వీళ్ళిద్దరూ ఒక పక్షం. ఆటకు ముందు ఫోన్‌లో పథకం వేసుకున్నారు. వంతెన దగ్గర ఆనంద్ బాబు దళాలు శత్రువును ఆపాలి. రాజ్ కుమార్ ట్యాంకులు వాగు దాటి, శత్రువు వెనక పడాలి. అంత అనుకుని ఫోన్ పెట్టేశారు. ఆ ఊళ్ళో టవరు సంగతి తెలిసిందే, ఫోన్‌లో మాట్లాడితే నెట్ ఆగిపోతుంది. అందుకని ఆట నడిచినంతసేపూ మాటల్లేవు, తెర కింద రెండు ముక్కలు రాసుకోవడమే.

రాజ్ కుమార్ ట్యాంకుల్ని నేరుగా వాగులోకి దించాడు. ఇసుక రేపుకుంటూ అవతలి గట్టెక్కాయి. బ్రహ్మాండంగా ఉందనుకుని వంతెన వైపు చూశాడు. ఆనంద్ బాబు దళాలు వంతెన వదిలేసి పల్లె వైపు పరిగెత్తుతున్నాయి. శత్రువు అంతా ఇప్పుడు తన ట్యాంకుల మీదికి తిరుగుతాడు.

"ట్యాంకులు పంపు," అని కింద ఆనంద్ బాబు రాత.

"పంపినా. వాగు దాటినాయి."

"ఎక్కడ దాటినాయి? ఒడ్డున నిలబడుండాయి."

"నువ్వెందుకు వెనక్కి పోతాండావు బావా?"

"నేను కదల్లేదు."

రాజ్ కుమార్ కళ్ళముందే వాళ్ళు పరిగెత్తుతున్నారు. కదల్లేదంటాడేంది ఈ మనిషి? ఒళ్ళు మండింది. "అబద్ధం చెప్పొద్దు," అని కొట్టాడు. సరిగ్గా అదే క్షణంలో అటు నుంచీ అదే మాట వచ్చి దాని కింద పడింది. కాసేపటికి ఇంగ్లీషులో ఏదో ఒక వరుస కనిపించి ఆట ఆగిపోయింది. రాజ్ కుమార్ అది చదవను కూడా చదవలేదు. ఆ టవరుకు అది రోజూ ఉన్న రోగమే.

అక్కడితో పోయుంటే పోయేది. ఆనంద్ బాబు మోకాలికి ఆపరేషన్ అయ్యి కర్ర లేకుండా నడుస్తున్నాడని స్టెల్లా గిద్దలూరులో కృతజ్ఞత కూటం పెట్టించింది. చుట్టాలు వచ్చారు, ఆనంద్ బాబుతో పటాలంలో పనిచేసిన వాళ్ళు వచ్చారు. ప్రార్థన అయ్యింది, విస్తళ్ళు వేశారు. అందరూ నవ్వుతూ తుళ్ళుతూ తింటున్న వేళ రాజ్ కుమార్‌కి నాలుక దురద పుట్టింది.

"మా బావకు మోకాలు ఆపరేషన్ ఎందుకో నాకర్థం కాలే," అన్నాడు నలుగురికీ వినపడేలా. "మొన్న వంతెన మీద నుంచి ఆయన పరిగెత్తిన పరుగు చూస్తే గుర్రాలు కూడా చాలవు. మిలిటరీలో కూడా ఇట్లనే పరిగెత్తినాడేమో!"

అందరూ నవ్వారు. పటాలం వాళ్ళు మాత్రం నవ్వలేదు. ఆనంద్ బాబు చేతిలో ముద్దను విస్తట్లో పెట్టేసి, చెయ్యి కడుక్కుని వచ్చాడు.

"నువ్వు అబద్ధికుడివి," అన్నాడు మెల్లగా. "మా ఇంట్లోకి రావద్దు."

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు పెద్దలు. రాజ్ కుమార్‌కి మాత్రం తను నోరు జారిన మాట గుర్తులేదు, తనను అన్న మాటే గుర్తుంది. తను కళ్ళారా చూసింది చెప్పాడు. అబద్ధికుడంటాడా? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు అక్కడే కూర్చున్నాడు. నెలలు గడిచాయి. స్టెల్లా తల్లిని చూడడానికి ఒక్కతే వచ్చి, ఒక్కతే ఏడ్చుకుంటూ వెళ్ళేది.

అయ్యగారు వచ్చిపోయిన వారంలోనే సామ్రాజ్యమ్మకు ఆయాసం ఎక్కువైంది. ఆస్పత్రి నుంచి తీసుకొస్తుంటే ఆటోలో కొడుకు భుజం మీద తల వాల్చి, "నాయనా, వచ్చే మొదటి ఆదివారం దాకా ఉంటానో లేదో," అంది. అంతకుమించి ఒక్క మాట అనలేదు. ఒక్క మాట అని ఉంటే బాగుండేదని రాజ్ కుమార్ అనుకున్నాడు, వాదించడానికైనా ఉండేది. వాదించడానికి ఏమీ లేక ఆ దారి పొడుగునా తల్లి తల బరువు మోశాడు. దూదిపింజంత లేదు అది.

అప్పుడు తట్టింది ఉపాయం. ఆ ఆట తను ఆడిన ప్రతి యుద్ధాన్నీ దాచిపెడుతుంది. మళ్ళీ వేసుకుని మొదటి నుంచీ చూడొచ్చు. ఇంట్లో వేసి చూశాడు. అంతా తను చెప్పినట్టే ఉంది, ట్యాంకులు దాటాయి, బావ మనుషులు పారిపోయారు. దాన్ని బావ కంప్యూటర్లోనే వేసి, అక్క ముందు చూపిస్తే ఇక ఏమంటాడు? కళ్ళముందు రుజువు కనపడితే ఒప్పుకోక ఛస్తాడా? ఒప్పుకున్నాడా, తను వెంటనే క్షమించేస్తాడు. అమ్మ బల్ల తీసుకుంటుంది. రుజువును పెన్ డ్రైవ్‌లో వేసుకుని గిద్దలూరు బస్సెక్కాడు. క్షమించడానికి సిద్ధమై పోతున్నవాడికి ఎంత తేలిగ్గా ఉంటుందో అంత తేలిగ్గా ఉంది అతనికి.

తలుపు తీసిన స్టెల్లా భయంగా లోపలికి చూసింది. ఆనంద్ బాబు డ్యూటీ దిగి వచ్చి కూర్చుని ఉన్నాడు. లేవలేదు, పొమ్మనీ అనలేదు.

"బావా, అమ్మకు బాగాలేదు. కొట్లాడనీకి రాలే," అన్నాడు రాజ్ కుమార్. "ఆ రోజు ఆట తెచ్చినా. ఒక్కసారి చూడు. అక్కా, నువ్వు కూడా రా."

ఆనంద్ బాబు లేచి కంప్యూటర్ ఆన్ చేశాడు. రాజ్ కుమార్ పెన్ డ్రైవ్ పెట్టి, తను కుర్చీ లాక్కుని ముందుకు వంగాడు. తెర మీద వాళ్ళ ఊరు తెరుచుకుంది. పల్లె, కంది చేలు, గోపురం. వంతెన. వంతెన కింద వాగు.

వాగులో నీళ్ళున్నాయి.

"ఇదేంది?" అన్నాడు రాజ్ కుమార్. "నీళ్ళెందుకుండాయి ఈడ?"

"వాగులో నీళ్ళు కాక ఏముంటాయి? నువ్వు పెట్టిందే గదా. చప్టా మీద దాటుతావనుకున్నా," అన్నాడు ఆనంద్ బాబు.

ఆట నడిచింది. రాజ్ కుమార్ ట్యాంకులు వాగు దాకా వచ్చాయి, నీళ్ళ ఒడ్డున ఆగిపోయాయి. దిగమని ఇచ్చిన ఆజ్ఞ దిగమనే చెబుతోంది, అవి దిగలేక బారులు తీరి నిలబడ్డాయి. అవతల శత్రువుకు కూడా నీళ్ళు అడ్డమే కాబట్టి అంతా వంతెన మీదికే వచ్చింది, ఎదురుగానే వచ్చింది. ఆనంద్ బాబు దళాలు కదల్లేదు. ఒక్కొక్కటే తగ్గిపోయాయి. కింద "ట్యాంకులు పంపు" అన్న రాత వచ్చింది. "పంపినా. వాగు దాటినాయి" అని తన రాత వచ్చింది. ఒడ్డున ట్యాంకులు అలాగే ఉన్నాయి. వంతెన చివర ఆఖరి దళం మిగిలింది, దాని ధైర్యం గీత సన్నగా అయ్యింది గాని తెగలేదు. చివరి మనిషి పడేదాకా వాళ్ళ ముఖాలు వంతెన వైపే ఉన్నాయి. ఎవరూ పరిగెత్తలేదు.

రాజ్ కుమార్‌కి పోయిన ఎండాకాలం గుర్తొచ్చింది. ఒకరోజు ఫ్యాక్టరీ నుంచి వస్తూ పెద్దవాగు వంతెన మీద బస్సు కిటికీలోంచి చూశాడు. వాగులో ట్రాక్టర్లు ఇసుక ఎత్తుతున్నాయి, ఒక పక్క కుర్రాళ్ళు క్రికెట్ ఆడుతున్నారు. తన మైదానంలో మాత్రం వాగు నిండుగా పారుతోంది. ఈ వాగులో నీళ్ళు చూసి ఎన్నేళ్ళయ్యింది? ఉన్నదున్నట్టు పెట్టకపోతే అది ఊరెట్లవుతుంది? ఇంటికొచ్చి నీళ్ళు తీసేసి ఇసుక పోశాడు. పేరు మార్చలేదు, బావకు పంపలేదు. ఎండిన వాగు గురించి ప్రత్యేకంగా ఎవరికైనా చెప్పాలని ఆ నేల మీద పుట్టినవాడికి ఎందుకు తడుతుంది?

ఆట రెండు చోట్లా పేరొక్కటేనా అని మాత్రమే చూసుకుంది. రెండు కంప్యూటర్ల మధ్య అది పంపేది బొమ్మల్ని కాదు, ఆజ్ఞల్ని. దాచిపెట్టేదీ ఆజ్ఞల్నే. పొమ్మన్న ఆజ్ఞ ఒకటే, పోవాల్సిన నేల మాత్రం రెండు. ఆ రోజు ఆట ఆగేముందు అతను చదవని ఇంగ్లీషు వరుస చెప్పింది ఇదే. అతని ఇసుకలో ట్యాంకులు దాటాయి, అదే ఇసుకలోంచి శత్రువు కూడా దాటి ఆనంద్ బాబు దళాల పక్కలో కొట్టాడు, అందుకే అక్కడ వాళ్ళ ధైర్యం తెగి చెల్లాచెదురయ్యారు. ఇక్కడ నీళ్ళున్నాయి, అందుకే నిలబడి చచ్చారు. అతను తెచ్చిన రుజువు అతని మీదే సాక్ష్యం చెప్పింది.

ఆగి ఆగి, తడబడుతూ అంతా చెప్పాడు. స్టెల్లా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అంటే ఇద్దరూ నిజమే చెప్పినారా? ఎవరి కంప్యూటర్లో వాళ్ళు మంచోళ్ళేనా? దీనికా మా అమ్మ..." అని మాట పూర్తి చేయలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"వాగు ఎండబెట్టింది నేనే బావా," అన్నాడు రాజ్ కుమార్. "నీకు చెప్పకపోవడం నాదే పొరపాటు. నువ్వూ అబద్ధం చెప్పలే, నేనూ చెప్పలే. కంప్యూటర్లు కలవకపాయె, అంతే. ఇంక పోనీ."

"వాగు సంగతి సరే," అన్నాడు ఆనంద్ బాబు. "కూటంలో అన్న మాట? అది కూడా కంప్యూటరే అన్నదా?"

రాజ్ కుమార్ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

ఆనంద్ బాబు మోకాలి మీద చెయ్యి వేసుకుని తెర వైపే చూస్తూ మాట్లాడాడు. "ఒకసారి నిజంగానే వెనక్కి వచ్చినాం రాజూ. పైనుంచి ఆర్డరు. రమ్మంటే రావాల్సిందే, అది తప్పు కాదు. అందరం వచ్చినాం, ఒకడు రాలే. వానికోసం మళ్ళీ పోనియ్యలే. మొన్న విస్తళ్ళ కాడ కూర్చున్నోళ్ళలో ఇద్దరు ఆ రోజు నా పక్కన ఉన్నోళ్ళే." ఆట ఆపేశాడు. "ఆటలో నా మనుషుల్ని ఎందుకు వెనక్కి పిలవనో నీకు చెప్పలేదు గదా. ఎవరికీ చెప్పలే."

ఆ మాట వినడం కంటే చెంపదెబ్బ తినడం మేలనిపించింది రాజ్ కుమార్‌కి. ఇన్నాళ్ళూ చెయ్యని తప్పు ఎట్లా ఒప్పుకోవాలా అని గింజుకున్నాడు. చేసిన తప్పు విస్తట్లో పెట్టినంత ఎదురుగా ఉండగా దాన్ని కన్నెత్తి చూడలేదు. తను నిజాయితీపరుడనే గొప్పే అడ్డం నిలబడింది. "బావా, నన్ను..." అన్నాడు.

"ఈడ వద్దు," అన్నాడు ఆనంద్ బాబు. "పదిమందిలో అన్నావు."

బల్ల రోజున చర్చికి వస్తామని గాని, రామని గాని ఇద్దరూ చెప్పలేదు. స్టెల్లా బస్టాండు దాకా వచ్చి, తల్లికి జావలో వేసే పొడి పొట్లం చేతికిచ్చి పంపింది.

మొదటి ఆదివారం దాకా సామ్రాజ్యమ్మ ఉంది. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకొచ్చి ఆడవాళ్ళ వైపు ముందు వరసలో దించారు. పాటలయ్యాయి, అయ్యగారు వాక్యం చెప్పడం అయ్యింది. రాజ్ కుమార్ మాటిమాటికీ గుమ్మం వైపు చూశాడు. గిద్దలూరు నుంచి మార్కాపురం, అక్కడి నుంచి ఇంకో బస్సు. రావాలనుకున్న వాళ్ళకే ఆ దారి. బల్ల మీద తెల్లబట్ట తీసి అయ్యగారు ఎప్పటిలాగే అడిగారు, ఎవరి మీదనైనా ఎవరికైనా ఏమైనా ఉందా అని. ఎప్పటిలాగే అందరూ నేల చూశారు.

రాజ్ కుమార్ లేచాడు. వాగు, ఇసుక, ఆజ్ఞలు అన్నీ చెప్పాలని రాత్రంతా కూర్చుకున్నవి ఏవీ నోటికి రాలేదు. అవేవీ అక్కర్లేదని కూడా అర్థమయ్యింది.

"మా బావను నేను పిరికోడన్నా," అన్నాడు. "నవ్వులాటకన్నా. ఆయన ఇంట్లో, ఆయన తిండి తింటా, ఆయన కూటంలో అన్నా. ఆయన పిరికోడు కాదు. ఆయన ఈడ లేకపోయినా ఈ పదిమందిలో..."

"ఉండా," అంది వెనక నుంచి ఒక గొంతు.

గుమ్మం బయట చెప్పుల దగ్గర ఆనంద్ బాబు నిలబడి ఉన్నాడు, పక్కన స్టెల్లా. ఎప్పుడు వచ్చారో ఎవరూ చూడలేదు. బస్సు దిగి గబగబా నడిచినట్టుంది, కొంచెం కుంటుతూ మగవాళ్ళ మధ్య నుంచి ముందుకొచ్చాడు. "నేను కూడా అన్నా, అబద్ధికుడని," అన్నాడు అయ్యగారితో. "అది నిజం కాదు. నన్ను కూడా క్షమించమని అడుగుతాండా." తర్వాత బామ్మర్ది పక్కన నిలబడ్డాడు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారని చెప్పను, ఎందుకంటే ఏడవలేదు. భుజాలు తాకేంత దగ్గరగా నిలబడ్డారు, అంతే.

పళ్ళెం ఆడవాళ్ళ వైపు వచ్చింది. సామ్రాజ్యమ్మ చెయ్యి చాచింది. అది వణుకుతుంటే స్టెల్లా మణికట్టు పట్టుకుంది. రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని, మింగడానికి చాలాసేపు పట్టింది ఆమెకు. పళ్ళెం పట్టుకున్న అయ్యగారు అంతసేపూ పక్కకు కదల్లేదు.

ఆ నెల దాటకుండానే ఆమె పోయింది. సమాధి దగ్గర మట్టి వేసేటప్పుడు కొడుకు ఒక పక్క, అల్లుడు ఒక పక్క పార పట్టారు.

ఆదరణ కూటాలన్నీ అయ్యి, చుట్టాలంతా వెళ్ళాక ఒక శనివారం ఆనంద్ బాబు ఫోన్ చేశాడు. "ఒక ఆట ఆడదామా రాజూ?" అన్నాడు. రాజ్ కుమార్ ఫోన్ పెట్టేసి మైదానం మళ్ళీ పంపి, తిరిగి ఫోన్ చేశాడు. ఫోన్ పెట్టేయకముందే ఇద్దరూ దాన్ని తెరిచారు. ఆ రోజు నుంచీ వాళ్ళకు అదే అలవాటైంది, ముందు ఎవరి తెర మీద ఏముందో అవతలి వాళ్ళను అడగడం.

"వాగులో నీళ్ళుండాయా బావా?"

"లేవు, ఇసుక. నీకు?"

"నాకూ ఇసుకే. అమ్మ ఇల్లు కనపడతాందా?"

"కనపడతాంది," అన్నాడు ఆనంద్ బాబు.

ఫోన్ పెట్టేశారు. ఆట మొదలైంది. శత్రువు ఈసారి వంతెన మీదా వచ్చాడు, ఇసుకలోంచీ వచ్చాడు. ఆనంద్ బాబు దళాల పక్కలో కాల్పులు పడ్డాయి, ధైర్యం గీతలు తరగడం మొదలైంది. రాజ్ కుమార్ తన ట్యాంకుల్ని అవతలి గట్టుకు పంపకుండా ఆపాడు. ఎగబడి గెలిచే వీలు ఎదురుగా కనపడుతూనే ఉంది. దాన్ని వదిలేసి ట్యాంకుల్ని వెనక్కి తిప్పి, వంతెనకూ పల్లెకూ మధ్య దారికి అటూ ఇటూ నిలబెట్టాడు. ఇప్పుడు ఆ దారిన ఎవరు వచ్చినా వాళ్ళకు అండ ఉంది. బావ ఏం చేస్తాడో తెలియదు. తెర వైపు చూస్తూ కూర్చున్నాడు.

వంతెన దగ్గర దళాలు ఎంతకీ కదల్లేదు. తర్వాత ఒకటి లేచింది. ధైర్యం తెగి కాదు, ఆజ్ఞ మీద లేచింది. రెండోది దానికి కాపు కాస్తూ కాల్చింది, అది ఆగాక ఇది లేచింది. ఒకరికొకరు అండగా, ఎవరినీ వదలకుండా, వరసలో పల్లె వైపు నడవడం మొదలుపెట్టారు. తెర కింద అక్షరాలు వచ్చాయి.

"వెనక్కి వస్తాండా. అందరినీ తీసుకోని."

రాజ్ కుమార్‌కి తెర మసకబారింది. కళ్ళు తుడుచుకుని రాశాడు.

"రా బావా. నేనుండా."